శ్రీ వరాహగిరి వెంకటగిరి గారి చరిత్రము

మన నిడమనూరు వంటి గ్రామములో సర్పంచి తన విధులను విడిచి పంచాయతి సొమ్మును దుర్వినియోగము చేసినయెడల, నతనిని తొలగించుటకు జిల్లా కలెక్టరునకు శాసన మధికార మొసగినది. ముఖ్యమంత్రియందు శాసనసభకు విశ్వాసము సన్నగిల్లెనేని, అవిశ్వాస తీర్మానముచేత నతడు గద్దె దిగవలసియుండును. ప్రధానమంత్రికిని లోక్‌సభ యెదుట నదియే గతి. ఇంతవఱకు పై తరగతుల విద్యార్థులందఱకును దెలిసినదే. కాని వీరందఱకును మీదివాడై, సైన్యములకు సర్వాధిపతియై, యెవ్వని పేరిట దేశపాలన మంతయు జరుగుచున్నదో యా రాష్ట్రపతియే రాజ్యాంగమును మీఱినచో నేమి చేయవలెను? కలెక్టరు తొలగింపజాలడు. ప్రధానమంత్రి తొలగింపజాలడు. సుప్రీము కోర్టు సైత మట్టి నేరమునకై యాయనను పదవినుండి దింపజాలదు. ఈ పని పార్లమెంటు ఉభయసభలకు మాత్రమే విడువబడినది. దానికి అభిశంసన మని పేరు. రాజ్యాంగములోని 61వ అనుచ్ఛేదము దీనిని వర్ణించుచున్నది.

1950వ సంవత్సరము మొదలు నేటివఱకు మన దేశమున నే రాష్ట్రపతియు అభిశంసనకు గుఱికాలేదు. ఒఱలోనుండి తీయబడని కత్తిని గూర్చి కథ యేమి చెప్పగలరని చదువరులు శంకింపవచ్చును. ఆ కత్తి యెట్టిదో, దానిని తీయ వలనుపడు సందర్భ మేదో, తీయరాని సందర్భ మేదో యెఱుగవలెనన్న, రాష్ట్రపతియై యుండియు న్యాయస్థానమునకు స్వయముగా వచ్చి సాక్ష్యమిచ్చిన యొక తెలుగువాని జీవితమును చదువుటకంటె మేలైన మార్గము నాకు గానరాలేదు.

ఆయన వరాహగిరి వెంకటగిరి గారు. 1894 ఆగష్టు 10వ తేదీన గంజాము జిల్లా బరంపురములో జన్మించిరి. ఆ పట్టణము నేడు ఒడిశా రాష్ట్రములో నున్నది గాని, యప్పుడు చెన్నపురి రాజధానిలోనిది. తెలుగు వినబడని వీథి యందు లేకుండెను. తండ్రి జోగయ్య పంతులు గారు పేరుపొందిన ప్లీడరు, రాజకీయములం దాసక్తి గలవారు. ఇంట ఎల్లప్పుడును కక్షిదారులును, దేశవ్యవహారములు చర్చించు పెద్దలును నుండెడివారు. అట్టి యింట బుట్టిన బాలుడు న్యాయశాస్త్రమువైపు మొగ్గుట వింతగాదు. వింత యేమనగా, ఆ కాలపు తెలుగు యువకు లందఱును బారిష్టరు చదువునకై లండనునకు బోవుచుండగా, గిరిగారు 1913లో ఐర్లండు దేశపు రాజధాని యగు డబ్లినునకు బోయిరి.

ఐర్లండపుడు మన దేశమువలెనే ఇంగ్లీషువారి యేలుబడిలో నుండెను. పాలకుల భాషలో చదువు, పాలకుల కోర్టులలో న్యాయము, పాలకుల కొఱకు సైన్యములో జేరిన బీదబిడ్డలు: ఇవన్నియు గిరిగారికి క్రొత్తవి గావు. క్రొత్తదేమనగా, తెల్లవారే తెల్లవారిపై తిరుగబడుట. గిరిగారు చదివిన యూనివర్సిటీ కళాశాలలో ఆంగ్లసాహిత్యమును బోధించు థామస్ మక్‌డోనా యను నుపాధ్యాయుడు రహస్యముగా విప్లవ సంఘములో నొక నాయకుడు. 1916 ఏప్రిలు 24న ఈస్టరు పండుగ మఱునాడు డబ్లినులో తిరుగుబాటు రేగెను. వారముదినములలో నది యణచివేయబడెను. మే 3వ తేదీన మక్‌డోనాను తుపాకులతో గాల్చిరి. తొమ్మిది దినములకు, కార్మిక నాయకుడైన జేమ్సు కానలీ గాయములచేత నిలువలేకుండగా, నతనిని కుర్చీలో గూర్చుండబెట్టి కాల్చిచంపిరి. ఈ కానలీయందు గిరిగారికి గల గౌరవము జీవితాంతము దఱుగలేదు. కూలివానికి కూడు లేని స్వరాజ్యము స్వరాజ్యము గాదను భావ మక్కడనే వారి మనస్సున నాటుకొనినది. తిరుగుబాటు పిమ్మట భారతీయ విద్యార్థులపైనను పోలీసుల యనుమానము ప్రసరించెను. గిరిగారిని దేశము విడువవలసినదని ప్రభుత్వ మాజ్ఞాపించెను. న్యాయశాస్త్ర పట్టముతోను, విప్లవ స్మృతులతోను వారు బరంపురము చేరిరి.

ఇక్కడ కథ నొకింత నిలిపి మఱియొక విషయము చెప్పవలసియున్నది. ఐర్లండువారు స్వతంత్రులై 1937లో తమ రాజ్యాంగమును వ్రాసికొనిరి. అందు తమ ప్రెసిడెంటును తొలగించు పద్ధతిని నిట్లు నిర్ణయించిరి: ఉభయసభలలో నేదైన నొకటి నేరారోపణ చేయవలెను, ముందుగా సభ్యులు సంతకములు చేసి వ్రాతమూలకముగా నోటీసు నీయవలెను, మూడింట రెండువంతుల సభ్యు లంగీకరింపవలెను, రెండవ సభ విచారణ చేయవలెను, ప్రెసిడెంటు తన పక్షమున వాదించుకొనవచ్చును, ఆ సభలోను మూడింట రెండువంతు లొప్పుకొన్నగాని తొలగింపు లేదు. మన 61వ అనుచ్ఛేదమును దీనిప్రక్కన బెట్టి చదివినవారికి, నొకే తల్లి బిడ్డలను జూచినట్లుండును. మన రాజ్యాంగకర్తలు ఐర్లండునుండి గైకొన్న యంశములు పెక్కు గలవు. ఏ దేశమునుండి గిరిగారు వెడలగొట్టబడిరో యా దేశపు బాటలోనే యొకనాడు వారధిష్ఠింపబోవు పీఠమునకు కట్టుబాట్లేర్పడినవి.

మన పద్ధతిని వివరముగ జూతము. ఐర్లండువారు ప్రెసిడెంటు దుష్ప్రవర్తన యని విశాలముగా జెప్పగా, మనవారు రాజ్యాంగోల్లంఘన మను నొక్క కారణమునే యంగీకరించిరి. రాష్ట్రపతి చేతగానివాడనియో, మాట కటువనియో, అధికారపక్షమునకు గిట్టనివాడనియో తొలగించుట కుదురదు. ఆరోపణను లోక్‌సభయైనను, రాజ్యసభయైనను దేవచ్చును. ఆ సభలోని మొత్తము సభ్యులలో నాలుగవవంతు మంది సంతకములు చేసి, పదునాలుగు దినములు తక్కువగాకుండ ముందు నోటీసు నీయవలెను. పిమ్మట మొత్తము సభ్యులలో మూడింట రెండువంతుల మంది తీర్మానమును బలపఱుపవలెను. ఒక సభలో 540 మంది గలరనుకొందము: 135 మంది సంతకములు, 360 మంది వోట్లు కావలెను. నాడు సభకు రానివారును లెక్కలో జేరుదురు గనుక, గైరుహాజరైన ప్రతి సభ్యుడును రాష్ట్రపతి పక్షమున నిలిచినట్లే. ఇంత జరిగినను నది నేరారోపణ మాత్రమే. రెండవ సభ విచారించి, లేక విచారింపజేసి, మరల మూడింట రెండువంతుల బలముతో నేరము ఋజువైనదని తీర్మానించిననాడే పదవి పోవును. విచారణలో రాష్ట్రపతి స్వయముగా హాజరగుటకును, వకీలును బెట్టుకొనుటకును హక్కు గలదు.

దీనిలో నొక విశేషము పెక్కురు గమనింపరు. రాష్ట్రపతి నెన్నుకొనువారు పార్లమెంటు సభ్యులును, రాష్ట్ర శాసనసభ్యులును గూడ. తొలగించువారు పార్లమెంటు సభ్యులు మాత్రమే. మఱియు రాజ్యసభకు నామినేటు చేయబడినవారికి రాష్ట్రపతి యెన్నికలో వోటు లేదు, అభిశంసనలో గలదు. ఎన్నుకొను చేతులు వేఱు, తొలగించు చేతులు వేఱు. ఇది సరియైన యేర్పాటేనా యని నాకు నేటికిని సందేహమే.

ఇక కథలోనికి వత్తము. బరంపురములో గిరిగారి ప్లీడరీ బాగుగనే సాగుచుండెను గాని, సహాయనిరాకరణోద్యమములో దానిని విడిచిరి, చెఱసాలకు బోయిరి. తరువాత కార్మికుల పనిలో బ్రవేశించిరి. 1928లో బెంగాల్-నాగపూరు రైల్వే కార్మికుల సమ్మెలో వారు ముందు నిలిచిరి. అఖిలభారత కార్మిక సంఘమునకు రెండుమారులు అధ్యక్షులైరి. జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సభకును, 1931లో లండనులోని రెండవ రౌండు టేబిలు సభకును కార్మిక ప్రతినిధిగా వెళ్లిరి. 1937 ఎన్నికలలో చెన్నపురి రాజధాని ప్రధానమంత్రిగా నుండిన బొబ్బిలి రాజాగారిపై నిలిచి గెలిచిరి. జమీందారీ ప్రాంతములో జమీందారుని ఓడించుట యనగా నా దినములలో నెంతటి మాటయో నేటి బాలురకు దెలియజెప్పుట కష్టము. రాజగోపాలాచారిగారి మంత్రివర్గములోను, మరల 1946లో ప్రకాశంపంతులుగారి మంత్రివర్గములోను కార్మికశాఖను వహించిరి. క్విట్ ఇండియా కాలములో మరల చెఱసాల. స్వరాజ్యము రాగానే సింహళములో భారత హైకమీషనరుగా నుండిరి. 1952లో పాతపట్నమునుండి లోక్‌సభ కెన్నికై, నెహ్రూగారి ప్రభుత్వములో కార్మికమంత్రి యైరి.

ఆ మంత్రిపదవిని వారు విడిచిన తీరు గుర్తుంచుకొనదగినది. బ్యాంకు ఉద్యోగుల జీతముల తగాదాలో నొక ట్రిబ్యునలు తీర్పు చెప్పెను. ప్రభుత్వ మాతీర్పును దనకు దోచినట్లు సవరించెను. తీర్పు చెప్పించుకొని దానిని మార్చుట న్యాయము గాదని తలచి, గిరిగారు 1954లో రాజీనామా నిచ్చిరి. తీర్పు తమకు ప్రతికూలమైనను తలయొగ్గవలెనను పట్టుదల వారి కెంతవఱకు నుండెనో యచిరకాలములోనే పరీక్షకు వచ్చెను.

1957లో గిరిగారు పార్వతీపురము నియోజకవర్గమున లోక్‌సభకు నిలిచిరి. అప్పుడా నియోజకవర్గమునకు రెండు స్థానములు: ఒకటి సామాన్యము, రెండవది గిరిజనులకు ప్రత్యేకింపబడినది. వోట్లు లెక్కింపగా, గిరిజను లిద్దఱు మొదటి రెండు స్థానములలో నిలిచిరి. ఒకరు ప్రత్యేక స్థానమునకును, రెండవవారైన డిప్పల సూరిదొరగారు సామాన్య స్థానమునకును ఎన్నికైనట్లు ప్రకటింపబడిరి. మూడవవారైన గిరిగారికి స్థానము లేకపోయెను. గిరిజనుడుగా నిలిచినవానికి సామాన్య స్థాన మెట్లిత్తురని గిరిగారు ఎన్నికల పిటీషను వేసిరి. వ్యాజ్యము క్రమముగా సుప్రీము కోర్టుదాక బోయెను. 1959లో నా న్యాయస్థానము గిరిగారికి విరుద్ధముగా తీర్పు చెప్పెను. సామాన్య స్థాన మనగా నందఱి స్థానము, గిరిజనునకు ప్రత్యేక హక్కున్నంత మాత్రమున సామాన్యమైన హక్కు పోదనుట యా తీర్పు సారము. నా యభిప్రాయములో నది న్యాయమైన తీర్పే. అప్పటికి గిరిగారు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా నుండిరి. గవర్నరై యుండియు నొక సామాన్య గిరిజన సభ్యునితో వ్యాజ్యమాడి యోడిపోయిరి. తీర్పునకు లోబడి తమ పనిలో దాముండిరి. ఈ సూరిదొరగారి వ్యాజ్యమును పాఠకులు మఱవవలదు. పదునొకండేండ్లకు వాది ప్రతివాది కానున్నాడు.

ఉత్తరప్రదేశ్ పిమ్మట కేరళము, దాని పిమ్మట మైసూరు రాష్ట్రము: మూడుచోట్ల గవర్నరుగిరీ నెఱపి, 1967లో గిరిగారు ఉపరాష్ట్రపతి యైరి. 1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుసేనుగారు పదవిలో నుండగనే పరమపదించిరి. మన స్వతంత్ర భారతమున నది మొదటిసారి. గిరిగారు రాష్ట్రపతి స్థానమున తాత్కాలికముగా గూర్చుండిరి. ఆఱునెలలలో నెన్నిక జరుగవలెను. కాంగ్రెసు పెద్దలు లోక్‌సభాధ్యక్షులైన నీలం సంజీవరెడ్డిగారిని తమ అభ్యర్థిగా నిర్ణయించిరి. ప్రధానమంత్రి ఇందిరాగాంధిగారికి అది సమ్మతము గాకుండెను. గిరిగారు స్వతంత్రముగా నిలువనిశ్చయించిరి. సంజీవరెడ్డిగారు అనంతపురము జిల్లా యిల్లూరువారు, 1956లో నేర్పడిన ఆంధ్రప్రదేశమునకు మొదటి ముఖ్యమంత్రి. ఢిల్లీ పీఠమునకై యిరువురు తెలుగువారు తలపడుట యంతకుముందు లేదు.

జూలై 19వ తేదీన పదునాలుగు పెద్ద బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై గిరిగారు సంతకము చేసి, మఱునాడే పదవులు విడిచిరి. ఇట్టి యవస్థ వచ్చునని ముందే యూహించి, ఆ సంవత్సరమే పార్లమెంటు చేసిన చట్టము ననుసరించి సుప్రీము కోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాగారు రాష్ట్రపతి విధులను నిర్వహించిరి. ఉపరాష్ట్రపతి తన రాజీనామాను రాష్ట్రపతికి వ్రాయవలెనని రాజ్యాంగము. ఆనాడు రెండు కుర్చీలలోను నొకరే యుండిరి. ఇట్టి చిక్కులు రాజ్యాంగము చదువువారికి మిక్కిలి వినోదకరములు.

ఆగష్టు 16న ఎన్నిక జరిగెను. ప్రతి సభ్యుడును తన మనస్సాక్షి ననుసరించి వోటు వేయవచ్చునను వాదము ప్రధానమంత్రి పక్షమునుండి బయలుదేఱగా కాంగ్రెసు రెండుగా జీలెను. అభ్యర్థులు పదునైదుగురు. రాష్ట్రపతి యెన్నికలో వోట్లకు విలువలుండును. ఒక్కొక్క శాసనసభ్యుని వోటు విలువ వాని రాష్ట్రపు జనసంఖ్యనుబట్టి మాఱును. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, చింతామణి దేశముఖ్ గారికి 1,12,769 వచ్చెను. గెలుపునకు గావలసినంత యెవ్వరికిని రాలేదు. వెనుకబడినవారి వోట్లలోని రెండవ ప్రాధాన్యములను బంచగా, గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 అయ్యెను. ఆగష్టు 24న గిరిగారు ప్రమాణస్వీకారము చేసిరి. రెండవ ప్రాధాన్యములవలన రాష్ట్రపతి యైనవారు వారొక్కరే.

ఇంత స్వల్పముగా గెలిచినవానిని ఓడినవారి పక్షము ఊరక విడువదు. ఎన్నిక చెల్లదని సుప్రీము కోర్టులో నాలుగు పిటీషనులు పడెను. నామినేషనులు త్రోసివేయబడినవా రిద్దఱును, కొందఱు పార్లమెంటు సభ్యులును పిటీషనుదారులు. వారి యారోపణలలో ముఖ్యమైనది, సంజీవరెడ్డిగారిని నీచముగ నిందించు పేరులేని కరపత్రమొకటి పార్లమెంటు సభ్యులలో బంచబడినదనుట. అది గిరిగారి సమ్మతితో జరిగినదనియు, సభ్యులపై నక్రమమైన యొత్తిడి చేయబడినదనియు వాదించిరి.

అభిశంసనకును దీనికిని గల భేద మిక్కడ స్పష్టముగ దెలియును. రాష్ట్రపతి యైన పిమ్మట చేసిన రాజ్యాంగోల్లంఘనమునకు విచారణస్థానము పార్లమెంటు. పదవి నిర్వహణలో చేసిన పనులకు రాష్ట్రపతి యే కోర్టుకును జవాబుదారి గాడని 361వ అనుచ్ఛేదము. సభ నియమించిన విచారణసంఘము మాత్రమే యాయన నడవడిని విమర్శింపవచ్చునని దానికి మినహాయింపు. కాని రాష్ట్రపతి యగుటయే సక్రమముగ జరిగినదా యను ప్రశ్నకు 71వ అనుచ్ఛేదము వేఱు వాకిలి దెఱచినది. ఆ వాకిట సుప్రీము కోర్టు కూర్చున్నది. దాని తీర్పే తుది. అభిశంసనకు రెండు సభలును, మూడింట రెండువంతులును గావలెను. ఇచట న్యాయమూర్తులలో నధికసంఖ్యాకుల మాట చాలును. పదవిలోనున్న రాష్ట్రపతికి నిజమైన భయ మీ చిన్న వాకిటనే గలదు. ఎన్నిక రద్దయినను, అంతవఱకు నాయన చేసిన పనులు మాత్రము చెల్లునని రాజ్యాంగము జాగ్రత్త పడినది.

సివిలు వ్యవహార స్మృతి ప్రకారము రాష్ట్రపతి కోర్టునకు స్వయముగ రానవసరము లేదు. గిరిగా రా మినహాయింపును గోరలేదు. 1970లో సుప్రీము కోర్టునకు వచ్చి, ప్రమాణము చేసి సాక్ష్యమిచ్చిరి; ఎదిరిపక్షపు న్యాయవాదుల ప్రశ్నలకు బదులు చెప్పిరి. ఎవరి నియామక పత్రములపై రాష్ట్రపతి సంతకముండునో యా న్యాయమూర్తుల యెదుట రాష్ట్రపతి సాక్షి యయ్యెను. ఇంతకుముందు భారతదేశమున నట్లు జరిగి యుండలేదు. ఇది కేవల వినయ మనుకొనరాదు. పార్వతీపురపు వ్యాజ్యములో న్యాయమడుగుటకు తాను వాకిలి దట్టినవాడు, తన్ను పిలిచిననాడు రానని యెట్లనగలడు? నలువదియేండ్లు కార్మికుల పక్షమున ట్రిబ్యునళ్ల యెదుట నిలిచినవానికి న్యాయస్థానపు మెట్లు క్రొత్తవి గావు.

అయిదుగురు న్యాయమూర్తులు విచారించిరి. పిటీషనులను 1970 మే నెలలో గొట్టివేసి, కారణములను సెప్టెంబరులో వెల్లడించిరి. కరపత్రము నీచమైనదే, పంచబడినదే. కాని దానిలో గిరిగారి ప్రమేయము ఋజువు కాలేదు, ఎన్నిక ఫలితము దానిచే మాఱినట్లును ఋజువు కాలేదు. గిరిగారు పీఠమున నిలిచిరి.

ఇక నసలైన చిక్కు. గిరిగారు రాష్ట్రపతిగా నుండి రాజ్యాంగమును మీఱినారా? కోర్టు మాట ననుసరించిన, ఒక్కసారి యైనను వారి సంతకము గల యుత్తరువు రాజ్యాంగవిరుద్ధ మయ్యెను. 1970 సెప్టెంబరులో మాజీ సంస్థానాధీశుల భరణములను రద్దుచేయు రాజ్యాంగ సవరణ బిల్లు లోక్‌సభలో నెగ్గి, 5వ తేదీన రాజ్యసభకు వచ్చెను. అనుకూలముగ 149, ప్రతికూలముగ 75. మూడింట రెండువంతులు కావలెనన్న 149కి పైగా మఱియొక వోటులో మూడవవంతు కావలసియుండెను. వోటులో మూడవవంతు తగ్గినందున బిల్లు పడిపోయెను! వెంటనే మంత్రివర్గము మఱియొక దారి వెదకెను: రాజులకు రాష్ట్రపతి యిచ్చు గుర్తింపునే తీసివేసినచో భరణము తనంత తానే పోవును గదా. గిరిగా రప్పుడు హైదరాబాదులో నుండిరి. ఉత్తరువు వారియొద్దకు వచ్చెను, వారు సంతకము చేసిరి. దేశములోని సంస్థానాధీశు లందఱి గుర్తింపును ఒక్క కలముపోటుతో బోయెను; 1967లో నిజాము వారసుడుగా గుర్తింపు పొందిన ముకర్రంజా గారును వారిలో నొకరు. డిసెంబరు 15న సుప్రీము కోర్టు ఆ యుత్తరువు చెల్లదని తీర్పు చెప్పెను. పార్లమెంటు నిరాకరించినదానిని రాష్ట్రపతి కలముచేత సాధింపరాదని దాని భావము.

ఉత్తరువు రాజ్యాంగవిరుద్ధము, దానిపై సంతకము రాష్ట్రపతిది. అట్లయిన అభిశంసన యేల కాలేదు? రాష్ట్రపతి మంత్రివర్గపు సలహా ననుసరించి నడువవలసినవాడు. సలహా తప్పయిన దోషము సలహా చెప్పినవారిది. వారికి లోక్‌సభ యెదుట జవాబుదారీ గలదు. సంతకము చేసిన చేతిని శిక్షించి, చేయించిన నోటిని విడుచుట న్యాయము గాదు. ఈ సమాధానము సరియైనదే. అయినను పూర్తిగ తృప్తి కలిగించునది గాదు. ఒక్కసారి యాలోచింపుడని మంత్రులకు జెప్పుటకు రాష్ట్రపతికి నోరున్నది గదా. 1954లో ట్రిబ్యునలు తీర్పును సవరించినందులకు మంత్రిపదవినే త్యజించిన గిరిగారు, 1970లో రాజ్యసభ తీర్పును దాటిపోవు కాగితముపై జాగు లేకుండ సంతకము చేసిరి. వీరిని కేవలము చేవ్రాలు చేయు రాష్ట్రపతి యని విమర్శించినవారికి నీ సంఘటనము గొప్ప యాధార మయ్యెను. మహానుభావుల చరిత్రలో మెచ్చుకోలు మాత్రమే వ్రాయవలెనను నియమమును నే నొప్పుకొనను.

తరువాతి సంవత్సరములను త్వరగ జెప్పెదను. 1971లో పాకిస్తానుతో యుద్ధము, బంగ్లాదేశ మేర్పడెను. 1973 జనవరి 18న మన ఆంధ్రప్రదేశములో గిరిగారి పేరిట రాష్ట్రపతి పాలన వచ్చెను. 1969లో తెలంగాణోద్యమమును, పిమ్మట జై ఆంధ్రోద్యమమును రాష్ట్రమును గుదిపివైచి యుండెను. డిసెంబరు 10 వఱకు నా పాలన సాగెను. ఆ కలతలకు మందుగా వచ్చిన 371-డి అనుచ్ఛేదము 1974 జూలైలో నమలునకు వచ్చెను. నల్లగొండ జిల్లాలో నుపాధ్యాయ పదవి గోరు ప్రతి యువకుడును స్థానికుడను పదముయొక్క యర్థము కొఱకు నా యనుచ్ఛేదముక్రింద వెలువడిన రాష్ట్రపతి యుత్తరువులనే నేటికిని వెదకుచున్నాడు. 1974 మే నెలలో దేశమంతటను రైల్వే సమ్మె జరిగెను. ప్రభుత్వము దానిని కఠినముగ నణచెను, వేలకొలది కార్మికులు చెఱసాలల పాలైరి. 1928లో రైల్వే కార్మికుల ముందు నిలిచినవా రప్పుడు రాష్ట్రపతి భవనములో నుండిరి. ఆ దినములు వారికి సుఖమైనవి గావని యూహించుటకు గొప్ప బుద్ధి యక్కఱలేదు.

గిరిగారి పదవీకాలపు చివరి నెలలో లోకమంతయు అభిశంసన మను మాటనే వినుచుండెను. అమెరికాలో ప్రెసిడెంటు నిక్సనుపై ప్రతినిధిసభ న్యాయసంఘము మూడు నేరములను మోపెను. ఆ దేశములో 1868లో ఆండ్రూ జాన్సను ఒక్క వోటుచేత తప్పించుకొనియుండెను. నిక్సను తప్పించుకొను తోవ గానక 1974 ఆగష్టు 9న రాజీనామా నిచ్చెను. ఈ పద్ధతి పుట్టిల్లయిన ఇంగ్లండులో, మన దేశపు గవర్నరు జనరలుగా నుండి వెళ్లిన వారన్ హేస్టింగ్సుపై 1788లో ప్రారంభమైన విచారణ యేడేండ్లు సాగి, 1795లో నిర్దోషి యను తీర్పుతో ముగిసెను. ఏడేండ్ల విచారణకంటె నేడు దినముల శిక్ష మేలని యతడు తలచియుండిన నాశ్చర్యము లేదు.

ఆగష్టు 23వ తేదీన మన సుప్రీము కోర్టు పంజాబు న్యాయాధికారుల వ్యాజ్యములో నొక ముఖ్యమైన మాట తేల్చెను: రాష్ట్రపతియు, గవర్నరులును కొన్ని మినహాయింపులు దప్ప మంత్రివర్గపు సలహా ప్రకారమే నడువవలెననుట. గిరిగా రయిదేండ్లు నడచిన దారి యదియే. మఱునాడు, 24వ తేదీన, వారి పదవీకాలము ముగిసి, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు రాష్ట్రపతి యైరి. ఆ సంవత్సరమే ఎన్నిక చట్టమును మార్చి, ప్రతి నామినేషనుపై పదిమంది ప్రతిపాదకులును, పదిమంది బలపఱచువారును సంతకములు చేయవలెనని విధించిరి.

1975లో గిరిగారికి భారతరత్న బిరుద మొసగబడెను. వారు చెన్నపట్నములో నివసించుచు, 1980 జూన్ 24వ తేదీన, ఎనుబదియయిదేండ్ల వయస్సున, గుండెజబ్బుచేత నస్తమించిరి. ఆనాడు ఢిల్లీలో రాష్ట్రపతి పీఠముపై నున్నవారు నీలం సంజీవరెడ్డిగారు. 1969లో గిరిగారితో పోటీచేసి యోడిన యా రెడ్డిగారే, 1977లో తక్కినవారి నామినేషనులన్నియు చెల్లకపోగా పోటీ లేకుండ ఎన్నికై యుండిరి.